ఆన్‌లైన్ కోర్సు రూపకల్పన: వీడియో ఆగిన చోట మొదలయ్యే చదువు

ఉపాధ్యాయుడూ విద్యార్థీ ఒకే గదిలో లేకుండా చదువు సాగడం తెలుగువారికి ఇంటర్నెట్‌తో కొత్తగా వచ్చినది కాదు. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. పదేళ్లకు, 1982లో, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడి, తరవాతి కాలంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దూరవిద్య కోసం రాసిన పుస్తకాన్ని మామూలు కళాశాల పాఠ్యపుస్తకం పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పాఠం మొదట్లో, అది పూర్తయ్యాక విద్యార్థి ఏమి చేయగలగాలో చెప్పే లక్ష్యాలు ఉంటాయి. మధ్యమధ్య తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, చివర సరిచూసుకోవడానికి సమాధానాలు ఉంటాయి. పాఠం రాసేవారికి విద్యార్థి ముఖం కనబడే అవకాశం లేదు కాబట్టి, అతను ఎక్కడ తడబడతాడో, ఎక్కడ ఆగి కలం పట్టాలో ముందే ఊహించి రాయవలసి వచ్చేది. నేడు తయారవుతున్న ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావాటికి కెమెరా, మైకు, రంగురంగుల స్లైడ్లు అన్నీ ఉన్నాయి గానీ, ఆ పాత పుస్తకాలకున్న ఈ ముందుచూపు లేదు. అందుకే రెండు గంటల వీడియో ఇవ్వలేని ఫలితాన్ని నలభై పేజీల నాసిరకం కాగితపు పుస్తకం ఇవ్వగలిగిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఆన్‌లైన్ కోర్సు అంటే వీడియోల వరస అన్న అభిప్రాయమే ఈ లోపానికి మూలం. వీడియోల వరసను యూట్యూబులో ప్లేలిస్టు అంటారు. దానికి ఉండే ప్రయోజనం దానికి ఉంది. ఒక నిర్దిష్టమైన పని చేతనైనవారిగా విద్యార్థిని తీర్చిదిద్దడానికి పాఠాలు, అభ్యాసాలు, ప్రశ్నలు, దిద్దుబాట్లు, సందేహాలు అడిగే చోటు అన్నీ ఒక క్రమంలో అమరినప్పుడే దాన్ని కోర్సు అనడం న్యాయం. మన దేశంలో 2017 జులై 9న ప్రారంభమైన ‘స్వయం’ వేదిక ఈ సంగతిని నియమంగానే పెట్టుకుంది: అక్కడ ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలు ఉండాలి. వీడియో పాఠం మొదటిది, చదువుకునే సామగ్రి రెండవది, స్వయంపరీక్ష మూడవది, చర్చావేదిక నాలుగవది. అంటే నియమం ప్రకారం చూసినా వీడియో నాలుగింట ఒక వంతే. తయారీలో మాత్రం డబ్బు, సమయం, శ్రద్ధ ముప్పాతిక వంతు దానికే పోతుంది, మిగిలిన మూడింటినీ చివరి వారంలో హడావుడిగా అతికిస్తారు.

ఈ అతికింపుకు విద్యార్థులు ఎలా స్పందిస్తారో ప్రపంచానికి 2011 నుంచీ తెలుసు. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై ఉచితంగా నడిపిన ఆన్‌లైన్ కోర్సులో సుమారు 1,60,000 మంది చేరారు, వారిలో చివరిదాకా నిలిచినవారు ఇరవై వేల పైచిలుకు మాత్రమే. మరుసటి ఏడాది కోర్సెరా, ఎడెక్స్ వేదికలు పుట్టి లక్షలాది మందిని చేర్చుకున్నా, మధ్యలో వదిలేసేవారే ఎక్కువన్న వాస్తవం మారలేదు. మానేసిన ప్రతి ఒక్కరినీ వైఫల్యంగా లెక్కగట్టడం సరికాదు. కొందరు తమకు కావలసిన ఒక్క పాఠం చూసుకుని తృప్తిగా వెళ్లిపోతారు, మరికొందరు తలుపు తీసి ఉంది కదా అని తొంగి చూసినవారే. అయితే నేర్చుకోవాలన్న కోరికతో, కొన్నిసార్లు డబ్బు కట్టి మరీ చేరి, మూడో పాఠం దగ్గర చతికిలబడినవారి విషయంలో తప్పు వారి బద్ధకానిదేనని తీర్మానించే ముందు, కోర్సు కట్టుబడిని ఒకసారి పరిశీలించడం ధర్మం.

మనసుకున్న ఇరుకు జాగా

ఈ పరిశీలనకు మనస్తత్వశాస్త్రం ఒక గట్టి ఆధారం ఇస్తుంది. మనిషి ఒక విషయం గురించి ఆలోచిస్తున్నప్పుడు దానికి సంబంధించిన అంశాలను తాత్కాలికంగా నిలిపి ఉంచుకునే శక్తిని పనిచేసే జ్ఞాపకం అనవచ్చు. ఎవరైనా ఫోను నంబరు చెబుతుంటే రాసుకునేదాకా మనసులో పట్టి ఉంచేది ఇదే. దీని పరిమాణం చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ ఒకసారి పట్టే అంశాలు ఏడుకు అటో ఇటో రెండని అంచనా వేయగా, 2001లో నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను దాదాపు నాలుగుకు కుదించాడు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన సంజ్ఞానాత్మక భార సిద్ధాంతం ఈ ఇరుకును బోధనకు అన్వయించింది. విషయంలో సహజంగా ఉండే కష్టం ఒక రకమైన భారం. దాన్ని ఎవరూ పూర్తిగా తీసివేయలేరు. విషయాన్ని అందించే తీరువల్ల పుట్టే అనవసరపు శ్రమ మరొక భారం. దీనికి బాధ్యత పూర్తిగా పాఠం తయారు చేసినవారిదే.

కోర్సులు తయారు చేసేవారు సాధారణంగా పట్టించుకోని సంగతి ఒకటి ఇక్కడే ఉంది. బోధన ప్రభావవంతంగా ఉండటం వేరు, కోర్సు వాడుకోవడానికి సులువుగా ఉండటం వేరని అనుకుని, మొదటిదాన్ని పాఠం చెప్పేవారికీ, రెండవదాన్ని వెబ్‌సైటు చేసేవారికీ పంచిపెట్టడం ఆనవాయితీ అయింది. విద్యార్థి మనసుకు అలాంటి పంపకం తెలియదు. ఏ బటన్ నొక్కితే తరవాతి పాఠం వస్తుందో వెతకడానికీ, పాఠంలోని లెక్క అర్థం చేసుకోవడానికీ ఖర్చయ్యేది ఒకే చిన్న జేబులోని సొమ్ము. అసైన్‌మెంట్ ఎక్కడ అప్‌లోడ్ చేయాలో తెలియక పది నిమిషాలు తంటాలు పడ్డ మనిషి ఆ అసైన్‌మెంట్ మీద పెట్టవలసిన శ్రద్ధను అప్పటికే ఖర్చు పెట్టేసి ఉంటాడు. కాబట్టి సౌలభ్యం బోధనలో భాగమే గానీ పైపూత కాదు.

చివరి పని నుంచి వెనక్కి

రూపకల్పన ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై 1998లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి సూటియైన జవాబు ఇస్తుంది: చివర నుంచి మొదలుపెట్టాలి. కోర్సు ముగిశాక విద్యార్థి ఏ పని చేసి చూపగలగాలో ముందు నిర్ణయించాలి. ఆ పని వచ్చిందని దేన్ని చూసి నమ్మాలో తరవాత తేల్చాలి. పాఠాల సంగతి ఆ పైన. లోకంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు సిలబస్ రాసి, దానికి వీడియోలు తీసి, చివర ఏదో ఒక పరీక్ష పెట్టడం రివాజు.

ఉదాహరణకు జాకెట్టు కటింగ్ నేర్పే కోర్సును తీసుకోవచ్చు. తెలుగులో ఇంటి దగ్గర ఉండే స్త్రీలు ఫోనులో వెతికి చూసే పాఠాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. పైగా వచ్చిందో రాలేదో బట్టే చెప్పే విద్య కనుక రూపకల్పనలోని లోపం దాచినా దాగదు. ‘జాకెట్టు కటింగుపై సమగ్ర అవగాహన కలుగుతుంది’ అని లక్ష్యం రాసుకుంటే తయారీదారుకు ఏ దారీ దొరకదు. అవగాహన కలిగిందో లేదో కొలిచే టేపు ఎవరి దగ్గరా లేదు. ‘ఒకరు కొలతకిచ్చిన ఆది జాకెట్టు నుంచి కొలతలు రాసుకుని, పాత న్యూస్‌పేపరు మీద వెనుక భాగం, ముందు భాగం, చేతులు గీసి కత్తిరించి, వాటి ఆధారంగా మామూలు కాటన్ బట్టతో జాకెట్టు కుట్టి, అది వేసుకున్నవారికి చంక దగ్గర పట్టకుండా ఉందని చూపించగలగాలి’ అని రాసుకుంటే కోర్సు సగం తయారైనట్టే. అక్కడి నుంచి వెనక్కి నడిస్తే ఏమి కావాలో వాటంతట అవే బయటపడతాయి: ఆది మీద టేపు ఎక్కడ పెట్టాలి, మడత ఎటువైపు ఉంచాలి, కుట్టుకు ఎంత బట్ట వదలాలి, చంక వంపు ఎలా గీయాలి, డాట్లు ఎక్కడ పడాలి. అలాగే ఏవి అక్కరలేదో కూడా తేలిపోతుంది. కుట్టుమిషను ఎవరు కనిపెట్టారన్న మొదటి పాఠం, బట్టల రకాల మీద రెండో పాఠం, ఫ్యాషన్ డిజైనింగ్‌లో ఉద్యోగావకాశాల మీద మూడో పాఠం ఈ లెక్కలో ఎక్కడా ఇమడవు. విద్యార్థిని కత్తెర పట్టుకునేది ఎనిమిదో పాఠంలో అయితే, ఆమె ఏడో పాఠం దాకా ఉంటుందన్న నమ్మకం లేదు. మొదటి రోజే పేపరు మీద ఒక గీత గీసి కత్తిరించేలా చేయడం మేలు.

లక్ష్యాలను క్రియలతో రాయాలన్న నియమం 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం చేసిన వర్గీకరణ నుంచి, 2001లో దానికి జరిగిన సవరణ నుంచి విద్యారంగంలో స్థిరపడింది. గుర్తు తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, వాడటం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం అనే ఆరు మెట్లను బి.ఎడ్. చదివిన ప్రతివారూ కంఠస్థం చేసే ఉంటారు. కోర్సు చేసేవారు దానినుంచి తీసుకోవలసినది ఒక్కటే: లక్ష్యం ఏ మెట్టు మీద ఉంటే పరీక్ష కూడా ఆ మెట్టు మీదే ఉండాలి. వాడటం నేర్పుతామని చెప్పి, గుర్తు తెచ్చుకునే ప్రశ్నలు వేయడం మన ఆన్‌లైన్ కోర్సుల్లో విపరీతంగా ఉంది.

వీడియో సంగతి

వీడియో ఎంత నిడివి ఉండాలన్న విషయంలో అందరూ ఉటంకించే అధ్యయనం 2014లో ఫిలిప్ గువో, అతని సహపరిశోధకులు ఎడెక్స్ వేదికలో చేసినది. దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి దానితో గడిపేది ఆరు నిమిషాలకు మించడం లేదని వారు గుర్తించారు. ఖరీదైన స్టూడియోలో తీసిన వాటికంటే, పక్కన కూర్చుని చెబుతున్నట్టున్న సాదా వీడియోలే ఎక్కువసేపు నిలబెట్టాయని, కదలని స్లైడ్ల కంటే చేత్తో గీస్తూ చెప్పే పాఠాలను ఎక్కువగా చూశారని కూడా వారు తేల్చారు. అమెరికా విద్యావేత్త సల్మాన్ ఖాన్ నెలకొల్పిన ఖాన్ అకాడమీ పాఠాల్లో ముఖం కనబడదు; నల్లటి తెర మీద రంగు గీతలు, వెనుక గొంతు, అంతే. చిన్న బడ్జెట్‌తో కోర్సు చేయదలచినవారికి ఇది ఊరట కలిగించే మాట.

అయితే ఈ అధ్యయనం కొలిచింది ఎంతసేపు చూశారన్నదే గానీ ఎంత నేర్చుకున్నారన్నది కాదు. దీన్ని మరచి, గంట ఉపన్యాసాన్ని కత్తిరించి ఆరేసి నిమిషాల ముక్కలు పది చేసి, ఒకటవ భాగం, రెండవ భాగం అని పేర్లు పెట్టడం చాలాచోట్ల రూపకల్పనగా చలామణీ అవుతోంది. ముక్కలు చేయవలసినది కాలాన్ని కాదు, పనిని. ‘చంక వంపు గీయడం’ ఒక వీడియో. దాని నిడివి నాలుగు నిమిషాలైనా తొమ్మిది నిమిషాలైనా ఫరవాలేదు, చూసిన వెంటనే విద్యార్థిని ఆ వంపు గీయగలిగితే చాలు. పేరు కూడా పని పేరే ఉండాలి. ‘మాడ్యూల్ 3, పార్ట్ 2’ అని పేరుంటే, నెల తరవాత చంక వంపు దగ్గర సందేహం వచ్చిన మనిషి దాన్ని తిరిగి ఎలా పట్టుకుంటుంది?

తెర మీద ఏమి ఉండాలన్న విషయంలో మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ దశాబ్దాల ప్రయోగాల సారం ఉపయోగపడుతుంది. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తున్నప్పుడు, అవే మాటలను తెర మీద అక్షరం పొల్లుపోకుండా వేయడం నేర్చుకోవడానికి తోడ్పడకపోగా అడ్డు వస్తుంది. కన్ను బొమ్మను చూడాలో అక్షరాలు చదవాలో తేల్చుకోలేదు. స్లైడు చదివి వినిపించే ఉపన్యాసాల మీద ఇది తీర్పే. తెలుగు కోర్సుల్లో ఇంకొక చిక్కు అదనంగా కలుస్తుంది: స్లైడు ఇంగ్లీషులో, మాట తెలుగులో. విద్యార్థి ఒకపక్క చదువుతూ, మరోపక్క వింటూ, రెండూ ఒకటేనా కాదా అని సరిపోల్చుకుంటూ ఉండగా అసలు విషయం దాటిపోతుంది. మాట ఏ భాషలో ఉంటే తెర మీది నాలుగు ముక్కలూ ఆ భాషలోనే ఉండటం మంచిది. సాంకేతిక పదాల విషయంలో మాత్రం పండితుల కమిటీ కంటే దర్జీ కొట్టు మంచి సలహాదారు; అక్కడ బాబిన్‌ను బాబిన్ అనే అంటారు, కొలతకిచ్చే పాత జాకెట్టును ఆది అంటారు, కోర్సూ అలాగే అనాలి. వినికిడి లోపం ఉన్నవారికీ, బస్సులో శబ్దం లేకుండా చూసేవారికీ సబ్‌టైటిళ్లు తప్పనిసరి; అయితే అక్కరలేనివారు వాటిని ఆపుకునే వీలు కూడా ఉండాలి.

కెమెరా ఎక్కడ ఉండాలన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. కటింగ్ పాఠంలో అది చేతుల మీద, పైనుంచి, విద్యార్థిని తన బట్టను చూసే కోణంలోనే ఉండాలి. ఎదురుగా నిలబెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. ముదురు రంగు బట్ట మీద తెల్ల సుద్ద, లేత బట్ట మీద నీలం సుద్ద వాడకపోతే ఎంత మంచి కెమెరా అయినా గీతను చూపలేదు. డబ్బు తక్కువగా ఉంటే దాన్ని ముందు మైకు మీద పెట్టాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఓర్చుకునేవారు గొంతు గరగరలాడితే ఓర్చుకోరు.

ప్రశ్న వేయడం ఎలా

కోర్సులో అత్యధిక శ్రద్ధకు నోచుకోవలసినది, అత్యల్ప శ్రద్ధకు నోచుకుంటున్నది ప్రశ్న. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగంలో విద్యార్థులు ఒక వ్యాసం చదివాక, కొందరు దాన్ని మళ్లీ చదివారు, మరికొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తరవాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిది పైచేయి అయింది. వారం తరవాత పరీక్షిస్తే గుర్తు తెచ్చుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. అంటే పరీక్ష నేర్చుకున్నదాన్ని కొలిచే సాధనం మాత్రమే కాదు, నేర్చుకునే సాధనం కూడా. వీడియోను రెండోసారి చూసినప్పుడు కలిగే ‘నాకు వచ్చేసింది’ అన్న భావన ఎంత నమ్మరానిదో కూడా ఈ ప్రయోగం చెబుతుంది. హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలను తానే వల్లెవేసి 1885లో ప్రకటించిన మరపు రేఖను దీనికి కలిపి చూస్తే, ప్రశ్నలను పాఠం చివర ఒక్కచోటే కుప్పపోయడం కంటే రోజుల వ్యవధిలో చల్లడం మేలని బోధపడుతుంది. ఏడో పాఠం మొదట్లో రెండో పాఠం నుంచి ఒక ప్రశ్న అడిగితే ఖర్చేమీ పెరగదు.

మంచి ప్రశ్నలో సరైన జవాబు కంటే తప్పు జవాబులే ఎక్కువ పని చేస్తాయి. జాకెట్టు కోర్సులోనే ఒక ప్రశ్నను దగ్గరగా చూడవచ్చు. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలు. కుట్టుకు ఒకటిన్నర అంగుళం వదలాలి. వదులు సంగతి తరవాతి పాఠానికి విడిచిపెడితే, వెనుక భాగం కోసం బట్టను రెండుగా మడిచినప్పుడు మడత అంచు నుంచి ఎన్ని అంగుళాల దగ్గర గుర్తు పెట్టాలి? వెనుక భాగానికి చుట్టుకొలతలో సగం, అంటే 18 అంగుళాలు కావాలి. బట్ట మడిచి ఉంది కాబట్టి 9. కుట్టుకు వదిలినది కలిపితే 10½. ఇప్పుడు తప్పు జవాబులుగా నోటికొచ్చిన అంకెలు వేయడం కాక 9, 18, 19½ అని ఇస్తే, ఒక్కొక్కటీ ఒక్కొక్క పొరపాటుకు గుర్తవుతుంది. 9 అన్న మనిషి లెక్క సరిగ్గానే చేసి కుట్టుకు వదలడం మరచింది. ఆమె జాకెట్టు బిగుతై విప్పవలసి వస్తుంది. 19½ అన్న మనిషి కుట్టు సంగతి గుర్తుంచుకుని మడతను మరచింది. 18 అన్నవారు రెండూ మరచారు. ముగ్గురికీ ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అన్న ఒకే మాట చూపించడం చేతికొచ్చిన అవకాశాన్ని నేలపాలు చేయడమే. 19½ నొక్కినవారికి ‘బట్ట రెండు పొరలుగా ఉందని గమనించండి, ఇలా కత్తిరించి విప్పితే ఎన్ని అంగుళాలు వస్తాయి?’ అని అడిగితే, ఆమె తన తప్పును తానే పట్టుకుంటుంది. ఇలాంటి ప్రశ్న ఒకటి తయారు చేయడానికి వీడియో తీసినంత సమయం పడుతుంది. పట్టనివ్వాలి.

మార్కుల పంపకం కూడా బోధనలో భాగమే. 2003లో ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ తొలినాళ్లలో ఉపన్యాసాల భాండాగారం. 2014 నుంచి అది వారంవారం గడువు ఉన్న అసైన్‌మెంట్లతో సర్టిఫికెట్ కోర్సులు నడుపుతోంది. కోర్సు ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి. తుది మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. ఆ పాతిక శాతం అంకెగా చిన్నదే అయినా, వారానికొకసారి గడువు రూపంలో తలుపు తట్టడమే విద్యార్థిని కోర్సులో నిలబెడుతుంది. గడువే లేని స్వేచ్ఛా కోర్సుల్లో ‘రేపు చూద్దాం’ అన్నది మొదటి శత్రువు. పూర్తిగా స్వేచ్ఛ ఇవ్వదలచినా, వారానికి ఇంత అని ఒక సూచనను, జరిగిపోతే సర్దుకునే వీలును కలిపి ఇవ్వడం ఉత్తమం.

ఫోను తెర, తెలుగు అక్షరం

కోర్సు తయారయ్యేది పెద్ద కంప్యూటరు తెర మీద. చదివేది అయిదారు అంగుళాల ఫోను మీద, అదీ ఇంట్లో ఇద్దరు ముగ్గురు పంచుకునే ఫోను కావచ్చు. ఈ తేడాను మరచినందువల్ల వచ్చే ఇబ్బందులు లెక్కలేనన్ని. కోర్సు తెరవగానే నిన్న ఆగిన చోటు కనబడి, ఒక్క నొక్కుతో అక్కడికి వెళ్లగలగాలి. ఇప్పుడు ఏ పాఠంలో ఉన్నారో, ఇంకా ఎన్ని ఉన్నాయో, ఈ పాఠానికి ఎంతసేపు పడుతుందో వెతక్కుండా తెలియాలి. ఓటీపీ చూసుకోవడానికి మెసేజీలోకి వెళ్లి వచ్చేసరికి పేజీ మొదటికి పోకూడదు. వీడియోను తక్కువ డేటాతో చూసే, వైఫై ఉన్నచోట దించుకునే ఏర్పాటు ఉండాలి. కొలతల పట్టిక వంటివి వీడియోలో మాత్రమే కాక విడిగా ఒక పేజీ బొమ్మగా కూడా దొరకాలి, ఎందుకంటే చేతిలో కత్తెర ఉన్నప్పుడు ఎవరూ వీడియోను ముందుకూ వెనక్కూ జరపలేరు.

తెలుగులో పాఠం పెట్టేవారికి లిపికి సంబంధించిన రెండు జాగ్రత్తలు అదనం. డీటీపీలో ఏళ్ల తరబడి వాడిన అను వంటి ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. వాటిలో టైపు చేసిన పాఠాన్ని నేరుగా కోర్సులో పేస్టు చేస్తే విద్యార్థి ఫోనులో అర్థంలేని గుర్తులు కనబడతాయి. దాన్ని బొమ్మగా మార్చి పెడితే కంటికి బాగానే ఉంటుంది గానీ, వెతికితే దొరకదు, చూపు లేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. కాబట్టి పాఠం ఏదైనా యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన ఒత్తులను ఒకరు కూర్చుని దిద్దవలసిందే. రెండవది వరసల ఎడం. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన ఎడాన్ని అలాగే ఉంచితే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకి చదవడం కష్టమవుతుంది. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లని తెర మీద అందంగా కనబడేది డిజైనరుకే, ఎండలో ఫోను పట్టుకున్నవారికి కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చిన తరవాత ఇటువంటివి దయాదాక్షిణ్యాల కిందికి రావు.

ఇవన్నీ సరిగ్గా కుదిరాయో లేదో తెలుసుకునే మార్గం చాలా చవకైనది. వాడకపు సౌలభ్యంపై పరిశోధించిన జాకబ్ నీల్సన్ 2000లో చెప్పినట్టు, అయిదుగురి చేత వాడించి చూస్తే ముఖ్యమైన లోపాల్లో అధికభాగం బయటపడతాయి. అసలు విద్యార్థుల వంటి అయిదుగురిని ఎంచుకుని, వారి సొంత ఫోన్లలోనే కోర్సు తెరిపించి, ‘మూడో పాఠం చూసి అసైన్‌మెంట్ పంపండి’ అని చెప్పి, పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. నోరు మెదపకపోవడమే ఇందులో కష్టం. ‘అది కాదండీ, పైన మూడు గీతలున్నాయి చూడండి’ అని అందించిన క్షణంలోనే ఆ పరీక్ష వ్యర్థమవుతుంది; రేపు విద్యార్థి పక్కన ఆ మాట చెప్పేవారు ఉండరు.

అవతల ఒక మనిషి

మైకేల్ మూర్ 1989లో దూరవిద్యలోని సంభాషణను మూడు రకాలుగా విడదీశాడు: విద్యార్థికీ విషయానికీ మధ్య, విద్యార్థికీ బోధకుడికీ మధ్య, విద్యార్థులకు వారిలో వారికీ మధ్య. చర్చావేదిక అని ఒక పేజీ తెరిచిపెట్టినంత మాత్రాన చివరి రెండూ జరగవు. ఖాళీ వేదికలో మొదటి సందేహం అడగడానికి ఎవరికైనా జంకు ఉంటుంది. ‘మీ అభిప్రాయాలు పంచుకోండి’ అనే పిలుపు కంటే, ‘మీరు కత్తిరించిన పేపరు వెనుక భాగం ఫొటో పెట్టండి, మీకు ముందు పెట్టిన ఇద్దరి ఫొటోల్లో చంక వంపు చూసి ఒక మాట రాయండి’ అనే పని ఎక్కువ స్పందన తెస్తుంది. చాలామంది వాట్సాప్ గ్రూపును ఎంచుకుంటారు. అది సులువే, కానీ శుభోదయాల వెల్లువలో నిన్నటి జవాబు మునిగిపోతుంది, కొత్తగా చేరినవారు అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. గ్రూపులో తేలిన మంచి జవాబును వారానికొకసారి సంబంధిత పాఠం కిందికి చేర్చే పని ఒకరికి అప్పగించాలి. సందేహానికి ఎన్ని గంటల్లో జవాబు వస్తుందో ముందే చెప్పి ఆ మాట నిలబెట్టుకోవడం, వెంటనే జవాబిస్తామని చెప్పి ఇవ్వకపోవడం కంటే గౌరవప్రదం.

కోర్సు విడుదల అయ్యాక వచ్చే లెక్కలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. ఒక వీడియోలో ఒకే చోట చాలామంది వెనక్కి జరుపుతున్నారంటే అక్కడ వివరణ చాలలేదని అర్థం. ఒక ప్రశ్నలో అత్యధికులు ఒకే తప్పు జవాబు ఎంచుకుంటే దానికి ముందున్న పాఠంలో ఏదో మాట తప్పుదారి పట్టిస్తోందని అర్థం. కోర్సు మొత్తాన్ని మళ్లీ తీయనక్కరలేదు. ఆ రెండు నిమిషాలను తీసి, ఆ ఒక్క మాటను దిద్ది, నెల తరవాత మళ్లీ చూడాలి.

కొత్తగా కోర్సు తయారు చేయాలనుకునేవారు కెమెరా కొనడానికి ముందు ఒక పని చేయాలి: నేర్పదలచిన విషయంలో చివరి పనిని ఒక కాగితం మీద రెండు వాక్యాల్లో రాసి, అది రాని ఒక మనిషికి ఫోనులో, మాటతోనూ వారు పంపే ఫొటోలతోనూ మాత్రమే, మొదటి పాఠం నేర్పి చూడాలి. వారు ఎక్కడెక్కడ ఆగి ప్రశ్న అడిగారో ఆ చోట్లన్నీ రాసి పెట్టుకోవాలి. మొదటి వీడియోకు స్క్రిప్టు ఆ జాబితా నుంచే రాయాలి.